మిడ్‌ఫీల్డ్ ఆడే అమ్మాయి కెరీర్ ఎలా ఉంటది? బొన్మాతీ గురించి తెలిసినోళ్ళు కాస్త చెప్పండి

బ్రాడీపేట_మేనమామ:
అందరికీ నమస్తే. మాది గుంటూరు. మా అక్క కూతురు తొమ్మిదో తరగతి, స్కూల్ టీమ్‌లో ఫుట్‌బాల్ ఆడుద్ది. మొన్నటిదాకా ఫార్వర్డ్, ఇప్పుడు కొత్తగా వచ్చిన పీఈటీ సార్ మిడ్‌ఫీల్డ్‌లోకి, అంటే గ్రౌండ్ మధ్యలో ఉండి ముందోళ్ళకి బాల్ అందించే చోటుకి మార్చారు, ఇంక ఇంట్లో రోజూ పంచాయితీనే. మా బావకి క్రికెట్ తప్ప ఇంకోటి పట్టదు, పిల్ల మ్యాచ్ నుంచి రాగానే "ఎన్ని గోల్స్ కొట్టావ్" అంటాడు, అది "ఒక్కటీ లేదు" అంటది, "మరి అంత ఎండలో ఏం చేసొచ్చావ్" అని మొదలెడతాడు. పిల్లేమో బీరువా తలుపు మీద ఐతానా బొన్మాతీ ఫోటో అంటించుకుని ఈవిడ కూడా మిడ్‌ఫీల్డరే మావయ్యా అంటది. నాకు మెస్సీ, రొనాల్డో తప్ప ఎవరూ తెలీదు. ఆవిడ కెరీర్ ఎలా సాగింది, మన దగ్గర్నుంచి ఆ దారిలో ఎంతవరకు పోవచ్చు, కాస్త విడమర్చి చెప్తే బావకి చూపిస్తా.

లెఫ్ట్‌ఫుట్_బెజవాడ:
బ్రో ముందు మీ బావకి ఒక్కటి చెప్పండి, సిక్స్ కొట్టినోడు అందరికీ కనబడతాడు, సింగిల్ తీసి స్ట్రైక్ తిప్పేవాడు స్కోర్‌బోర్డ్ చూసేవాళ్ళకి కనబడడు, మిడ్‌ఫీల్డ్ అంటే అదే. బొన్మాతీ 1998లో పుట్టింది, స్పెయిన్‌లో బార్సిలోనా దగ్గర ఊరు, చిన్నప్పుడు మగపిల్లల టీముల్లోనే ఆడింది. 2012లో బార్సిలోనా క్లబ్ యూత్ టీమ్‌లో చేరింది, అంటే అప్పటికి అటూఇటూగా మీ పాప వయసే. అక్కడి నుంచి వరల్డ్ నంబర్ వన్ అవ్వడానికి పదేళ్ళ పైనే పట్టింది, ఇది మీ బావ గట్టిగా చదవాలి. 2021లో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో చెల్సీని 4-0 కొట్టారు, అందులో ఈవిడ గోల్ ఉంది, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ కూడా ఈవిడే. 2023 వరల్డ్ కప్ స్పెయిన్ గెలిస్తే టోర్నీ బెస్ట్ ప్లేయర్‌కిచ్చే గోల్డెన్ బాల్ ఈవిడకే, టోర్నీ మొత్తం మీద కొట్టింది 3 గోల్సే, గమనించండి. ఆ తర్వాత బాలన్ డోర్, అంటే ఏడాదికి ప్రపంచంలో బెస్ట్ ప్లేయర్‌కిచ్చే అవార్డు, 2023, 2024, 2025 వరసగా మూడు. అమ్మాయిల్లో మూడు తీసుకున్నది ఈవిడొక్కతే.

పాపకి ఒక పని చెప్పండి. మ్యాచ్ వీడియో పెట్టుకుని బాల్‌ని చూడొద్దు, బొన్మాతీని మాత్రమే చూడమనండి. పాస్ ఇంకా దారిలో ఉండగానే తల ఇటోసారి అటోసారి తిప్పేస్తది, వెనక ఎవరున్నారో చూసేసుకుంటది, బాల్ కాలికి తగిలేసరికే ఎటు తిరగాలో డిసైడ్ అయిపోయుంటది. మనిషేం పొడుగు కాదు, మీద పడి తోసేసే టైపూ కాదు, డిఫెండర్ వచ్చేలోపు ఒక్క టచ్‌లో పక్కకి జరిగిపోద్ది అంతే. 2025 యూరో (యూరప్ దేశాల కప్పు) సెమీస్ జర్మనీ మీద 113వ నిమిషంలో కొట్టిన గోల్ చూడండి, అందరూ గోల్ ముందుకి క్రాస్ పాస్ ఇస్తదనుకునే యాంగిల్, కీపర్ నియర్ పోస్ట్ (ఈవిడకి దగ్గరున్న గోల్ స్తంభం) దగ్గర కాస్త సందు వదిలింది, దాన్ని పట్టేసి అక్కడే కొట్టింది. ఆ టోర్నీకి కొద్ది రోజుల ముందు వైరల్ మెనింజైటిస్‌తో ఆసుపత్రిలో ఉన్న మనిషి అండీ బాబూ.

పటమట_లక్ష్మి:
లెఫ్ట్‌ఫుట్ గారు బాగా చెప్పారు కానీ సగమే చెప్పారు. అదే యూరో ఫైనల్లో పెనాల్టీ షూటౌట్‌లో ఆవిడ కిక్‌ని ఇంగ్లండ్ కీపర్ ఆపేసింది, కప్పు ఇంగ్లండ్‌కి పోయింది. అదే ఏడాది నవంబర్‌లో ట్రైనింగ్‌లో ఆవిడ కాలి ఎముక విరిగింది. ఆవిడ కంటే ముందు 2021, 2022 బాలన్ డోర్ తీసుకున్న అలెక్సియా పుతెయాస్, ఆమే మిడ్‌ఫీల్డరే, 2022 యూరో మొదలయ్యే ముందు మోకాలిలో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగి టోర్నీ మొత్తం పోగొట్టుకుంది. అమ్మాయిలకి ఈ ఏసీఎల్ గొడవ మగాళ్ళకంటే ఎక్కువ. నేను కాలేజీ రోజుల్లో ఆడాను కాబట్టి చెప్తున్నా, మన దగ్గర రెండు రౌండ్లు పరిగెత్తించి వార్మప్ అయిపోయిందంటారు. కుదరదు. ఫిఫా 11+ అని వార్మప్ వీడియోలు ఫ్రీగా దొరుకుతాయి, ఒంటికాలి మీద బ్యాలెన్స్, దూకినప్పుడు మోకాలు లోపలికి వాలకుండా దిగడం, ఇవన్నీ ఉంటాయి, ఇరవై నిమిషాల పని. బూట్ల మీద పెట్టే డబ్బుల కంటే ముందు ఇది చూసుకోండి.

ఇంకోటి, బొన్మాతీ ఫోటో పక్కన సంగీతా బాస్ఫోర్ ఫోటో కూడా పెట్టుకోమనండి. బెంగాల్‌లో కల్యాణి అమ్మాయి, మన ఇండియా మిడ్‌ఫీల్డరు, సరిహద్దు కాపలా దళం ఎస్‌ఎస్‌బీ టీమ్‌కి కూడా ఆడింది. 2025 జులై 5న థాయ్‌లాండ్‌లో వాళ్ళ గడ్డ మీదే 2-1 గెలిచాం, రెండు గోల్సూ ఈమెవే. ర్యాంకుల్లో వాళ్ళు 46, మనం 70. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి ఏషియన్ కప్‌కి వెళ్ళడం మనకి అదే మొదటిసారి. దాని మీద మన ఛానళ్ళలో ఎంతసేపు చూపించారో అడక్కండి, నాకు బీపీ వస్తది.

బ్రాడీపేట_మేనమామ:
థాంక్సండీ ఇద్దరికీ. థాయ్‌లాండ్ మ్యాచ్ సంగతి బావకి చదివి వినిపించా, "మిడ్‌ఫీల్డర్ రెండు కొట్టిందా, మరి మనదెందుకు కొట్టదు" అన్నాడు. మళ్ళీ మొదటికొచ్చాం 😀 తెలుగోళ్ళెవరైనా ఆ స్థాయికి వెళ్ళారా?

కృష్ణాతీరం_9:
గుగులోత్ సౌమ్య ఉంది కదా, నిజామాబాద్ అమ్మాయి. ఫార్వర్డ్ అనుకోండి, మిడ్‌ఫీల్డ్ కాదు. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి ఆడొచ్చింది, 2024-25లో ఇండియన్ ఉమెన్స్ లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ టీమ్‌లో ఉంది, ఆ ఏడాది ఏఐఎఫ్‌ఎఫ్ (మన దేశ ఫుట్‌బాల్ ఫెడరేషన్) బెస్ట్ ప్లేయర్ కూడా. ఆంధ్రాలో అయితే అనంతపురం వైపు చూడండి, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళ గ్రౌండ్లలో ఆడపిల్లలు ఎప్పటినుంచో ఆడుతున్నారు. ఆర్డీటీ పెట్టిన విన్సెంట్ ఫెర్రర్ గారిది బార్సిలోనానే, మీ పాపకి చెప్తే సంబరపడుద్ది. లక్ష్మి గారూ, ఏసీఎల్ పేరు చెప్పి మొదట్లోనే భయపెట్టకండి, అసలే వాళ్ళ నాన్న ఆపేయడానికి కారణం వెతుకుతున్నాడు.

పటమట_లక్ష్మి:
భయపెట్టట్లేదు బాబూ, వార్మప్ చేయమంటున్నా. ముందే చెప్తే తప్పేంటి? మేనమామ గారూ, వచ్చే ఏడాది టెన్త్ అని బావ ఆపేస్తాడేమో, ఆపనివ్వకండి. పొద్దున గంట ఆడితే మార్కులేం పోవు. ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లు ఎప్పుడో ఆ పీఈటీ సార్‌నే అడగండి, బర్త్ సర్టిఫికెట్‌లో, ఆధార్‌లో పుట్టినతేదీ ఒకటే ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, ఏజ్ గ్రూపుల దగ్గర అదే పెద్ద తలనొప్పి. పాప ఏ కాలితో ఆడుద్ది, కుడా ఎడమా?

బ్రాడీపేట_మేనమామ:
కుడి కాలండీ. ఎడంతో అసలు ముట్టుకోదు.

లెఫ్ట్‌ఫుట్_బెజవాడ:
అయితే గోడకేసి ఎడం కాలితో పాస్‌లు కొట్టించండి బ్రో, రోజూ. మిడ్‌ఫీల్డ్‌లో ఒక్క కాలే అయితే అవతలోళ్ళు రెండో మ్యాచ్‌కే పట్టేస్తారు. గోడకి సున్నం రాలుద్ది, బావ తిడతాడు, అది మీరు పడాలి.