అరవై దాటిన రాక్ గాయకుడు శ్రుతి దించి పాడితే తప్పా?

పాలకొల్లు గిటార్:

పాత రాక్ బ్యాండ్ల ఇప్పటి కచేరీ వీడియో ఎవరు పెట్టినా కింద "గొంతు చెక్కుచెదరలేదు" అని రాసేస్తున్నారు. గిటార్ తీసి వీడియోతో పాటు వాయించి చూడండి. చాలా పాటలు అర శ్రుతో ఒక శ్రుతో కిందికి దిగి ఉంటాయి (హార్మోనియం మీద పక్క మెట్టుకి అర శ్రుతి తేడా, నల్లమెట్లు కూడా లెక్కే). 2007 డిసెంబరులో లండన్ ఓ2 అరీనాలో లెడ్ జెప్లిన్ మళ్ళీ కలిసినప్పుడు కూడా రాబర్ట్ ప్లాంట్ గొంతు కోసం కొన్ని పాటలు దించారు.

నా మాట ఇది. రాక్‌లో దించకూడదు. పాడలేని పాటని జాబితాలోంచి తీసెయ్యాలి. డీప్ పర్పుల్ గాయకుడు ఇయాన్ గిల్లన్ అదే చేశాడు. ఆ బ్యాండ్ 2002 తరవాత 'చైల్డ్ ఇన్ టైమ్' జోలికి పోలేదు. ఆ పాటలోని కేకలు ఒక శ్రుతి దించి పాడితే అడిగేవాడు లేడు, అయినా పాడలేదు. లేదంటే బీటిల్స్ పాల్ మెకార్ట్నీ దారి ఉంది. 1942లో పుట్టిన మనిషి, అసలు శ్రుతుల్లోనే రెండున్నర గంటలు పాడతాడు. గొంతు సన్నబడింది, వణుకుతోంది, పాట మాత్రం దాని చోట అది ఉంది.

కారణం కూడా చెబుతాను. రాక్ రిఫ్, అంటే పాటలో మళ్ళీ మళ్ళీ వచ్చే గిటార్ ముక్క, నొక్కని తీగల మీద కట్టింది. 'ఈ' (E) తీగని ఏ మెట్టూ నొక్కకుండా కొట్టినప్పుడు వచ్చే మోత ఆ పాటలో భాగం. తీగ వదులు చేస్తే దెబ్బ మెత్తబడుతుంది. అప్పుడు వినేది వేరే పాట.

రాజోలు శ్రుతిపెట్టె:

మాస్టారూ, మన గడ్డ మీద కూర్చుని ఆ మాట అనడం విడ్డూరం. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు మన కోనసీమ శంకరగుప్తంలో 1930లో పుట్టారు, ఎనభై దాటాక కూడా కచేరీ చేశారు. కర్ణాటక సంగీతంలో శ్రుతి గొంతుది, కీర్తనది కాదు. తంబూరా ఎక్కడ మీటితే అక్కడే షడ్జమం (స). పద్యనాటకమూ అంతే. ఐదున్నర శ్రుతిలో పద్యం ఎత్తిన నటుడు వయసు మీదపడ్డాక నాలుగున్నరకి దిగితే హార్మోనిస్టు పెట్టె సర్దుకుంటాడు. ముందు వరసలో ఎవరూ లేచి "మోసం" అనరు. రాగం చివర ఊపిరి తెగితే మాత్రం అంటారు.

ఇంకోటి. అర శ్రుతి దించడం ముసలితనానికి గుర్తు కాదు. జిమీ హెండ్రిక్స్, గన్స్ అండ్ రోజెస్ కుర్రతనంలోనే గిటార్లు ఈ-ఫ్లాట్‌కి దించి వాయించారు. బ్లాక్ సబ్బత్ టోనీ ఐయోమీ 1971 నాటికే ఒకటిన్నర శ్రుతి దించాడు, అదీ ఫ్యాక్టరీలో వేళ్ళ కొనలు తెగడం వల్ల తీగ బిగువు ఓర్చుకోలేక. ఆ మెత్తటి దెబ్బే తరవాత హెవీ మెటల్ అయింది. వదులు తీగ రాక్ కాదంటే ఎలాగండీ?

పాలకొల్లు గిటార్:

రికార్డు చేసినప్పుడే దించి ఉంటే అదే దాని అసలు శ్రుతి. నేనడుగుతున్నది ముప్పై ఏళ్ళు జనం చెవుల్లో ఒకచోట నిలిచిపోయిన పాటని తరవాత జరపడం గురించి. కీర్తనకి రికార్డు ముఖ్యం కాదు, రాక్ పాటకి రికార్డే మూలం. ఈ తేడా ఒప్పుకోకుండా తంబూరా తెస్తే చర్చ ముందుకి పోదు.

కాకినాడ స్వరపేటిక:

శ్రుతి సంగతి తరవాత. గొంతులో జరిగేదేమిటో తెలియకుండా ఇద్దరూ కొట్టుకుంటున్నారు.

440 హెర్ట్జ్ స్వరం పాడాలంటే స్వరతంత్రులు రెండూ సెకనుకి 440 సార్లు కలిసి విడిపోవాలి. వయసుతో మూడు మార్పులు వస్తాయి. తంత్రి లోపలి కండరం సన్నబడుతుంది. దాని మీద మెత్తటి పొరలో సాగే నార తగ్గి గట్టి నార పెరుగుతుంది. చుట్టూ ఉన్న మృదులాస్థి ఎముకలా గట్టిపడుతుంది. ఫలితంగా తంత్రులు విల్లులా వంగి, మూసుకున్నప్పుడు నడిమధ్య సందు మిగులుతుంది. ఆ సందులోంచి గాలి జారుతుంది. గాయకుడు దాన్ని అరికట్టడానికి మెడ కండరాలతో పిండుతాడు. మీరు వీడియోలో వినే గరగర అక్కడిదే. అందుకే మగవాళ్ళ మాట గొంతు ముసలితనంలో కాస్త పైకి పోతుంది, ఆడవాళ్ళది ముట్లుడిగాక తంత్రులు ఉబ్బి కిందికి దిగుతుంది. ఇద్దరికీ ఒకే మందు కుదరదు.

దీనికి తోడు ఊపిరి. ముప్పై దాటాక ఒక్క సెకనులో బలంగా వదలగలిగే గాలి ఏటా సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గుతుంది. డెబ్బైకి వచ్చేసరికి దాదాపు లీటరు పోయినట్టు. పాత చరణం ఒక్క ఊపిరిలో రాకపోవడానికి సగం కారణం ఇదే. నిలబెట్టిన స్వరంలో వచ్చే ఊపు (వైబ్రాటో) కూడా చూడండి. బాగున్న గొంతులో ఊపు సెకనుకి 5 నుంచి 7 సార్లు, వయసు పైబడితే 5 కంటే దిగి వెడల్పవుతుంది. దాన్ని జనం వణుకు అంటారు.

కాబట్టి శ్రుతి దించితే సందు మూసుకోదు. తంత్రుల మీద లాగుడు తగ్గుతుంది, అంతవరకే. రాక్ గాయకుడు జాన్ బాన్ జోవీకి ఒక తంత్రి సన్నబడిపోతే 2022లో మెడ బయటినుంచి కోసి లోపల చిన్న ముక్క అమర్చి దాన్ని మధ్యకి నెట్టారు. సందు తక్కువుంటే హయలురానిక్ ఆమ్లం సూదిమందుతో నింపుతారు, కొన్ని నెలలు ఉంటుంది. ఎల్టన్ జాన్ సంగతి వేరు. 1987లో తంత్రుల మీద కాయలకి ఆపరేషన్ అయ్యాక సన్నగొంతు పోయి అడుగుగొంతు బలపడింది. ఆయన్ని పాత శ్రుతిలో పాడమనడం ఇంకొకరి గొంతు తెచ్చుకోమనడమే.

కొత్తపేట కీబోర్డు:

నా అభ్యంతరం ఇంకోవైపు నుంచి. దించడం తప్పు కాదు, కానీ ఎంత దించాలో లెక్క లేకుండా దించుతున్నారు. ఊళ్ళ ఆర్కెస్ట్రాల్లో రాక్ పాట పడగానే కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ మైనస్ 2, అంటే ఒక శ్రుతి కిందికి, నొక్కేయడం అలవాటైపోయింది.

మగ గొంతుకి సుమారు 330 నుంచి 392 హెర్ట్జ్ మధ్య విరుపు ఉంటుంది, ఛాతీ గొంతు వదిలి పైగొంతుకి మారే చోటు. 440లో ఉన్న కేకని గాయకుడు పూర్తిగా పైగొంతులో అలవోకగా వేస్తున్నాడనుకోండి. మీరు ఒక శ్రుతి దించితే అది 392కి వచ్చి సరిగ్గా విరుపు మీద కూర్చుంటుంది. ఇప్పుడు అటూ ఇటూ కాక గొంతు పగులుతుంది. "దించినా పాడలేకపోయాడు" అంటారు, నిజానికి దించబట్టే పాడలేకపోయాడు. అలాంటి పాట దించకుండా వదిలెయ్యాలి, లేదా మూడు శ్రుతులు దించి విరుపు కిందికి తేవాలి. మధ్యలో ఆగకూడదు.

అడుగు కూడా చూసుకోవాలి. పల్లవి ముందే కింద ఉన్న పాటయితే ఇంకా దించినప్పుడు మాటలు డ్రమ్ముల్లో మునిగిపోతాయి.

నేను చూసే పద్ధతి. పాటలో ఎక్కువసేపు నిలబెట్టాల్సిన పై స్వరం ఒక్కటి ఎంచుకోవాలి, మెరుపులా వచ్చిపోయేది వద్దు. దాన్ని గాయకుడు తన పూర్తి బలంలో పదికి ఏడు వంతులతో, 4 సెకన్ల చొప్పున వరసగా మూడుసార్లు పట్టాలి. గడ్డం పైకి లేవకూడదు, మెడ నరాలు తేలకూడదు. మూడోసారి తేలితే అర శ్రుతి దించి మళ్ళీ చూడాలి. ఈ పరీక్ష గంట పాడాక పెట్టాలి. తాజా గొంతుతో పెడితే వచ్చే శ్రుతి కచేరీలో చివరి పాటకి నిలవదు.

దించేటప్పుడు జరిగే పొరపాట్లు రెండు. రికార్డు చేసి పెట్టుకున్న లూపులు ట్రాన్స్‌పోజ్‌కి లొంగవు, కీబోర్డు ఒక శ్రుతిలో లూపు ఇంకో శ్రుతిలో మోగుతాయి. రెండోది, తరవాతి పాటకి మైనస్ తీయడం మరిచిపోతారు. పాటల కాగితం మీద ప్రతి పాట పక్కన శ్రుతి రాసి పెట్టుకోండి. హార్మోనియంలో మూడో శ్రుతికీ నాలుగో శ్రుతికీ మధ్య నల్లమెట్టు లేదన్నది మరిచి "ఒక శ్రుతి" అని నోటిమాటగా చెబితే గిటార్‌కీ హార్మోనియానికీ తగువే.

పాలకొల్లు గిటార్:

విరుపు మాట బాగుంది. దించాల్సిందే అంటే సరిగ్గా దించండి. కేపో (గిటార్ మెడకి బిగించే క్లిప్పు) పైకి తీసుకెళ్ళడానికే పనికొస్తుంది, కిందికి కాదు. మెలితిప్పి ఒక శ్రుతి దించితే తీగ బిగువు దాదాపు 21 శాతం పోతుంది, అర శ్రుతికి 11 శాతం. పది నంబరు తీగల సెట్టు (అన్నిటికన్నా సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట పది వంతులు) అలాగే ఉంచితే గట్టిగా కొట్టినప్పుడు స్వరం పైకి ఎగిరి కిందికి వాలుతుంది, మెట్ల మీద గలగల వస్తుంది. ఒక శ్రుతి దించితే పదకొండు సెట్టు వెయ్యాలి, బిగువు పాత దానికి 4 శాతం తేడాలోకి వస్తుంది. అర శ్రుతికి పదిన్నర చాలు.

పాత తీగలే ఉంచి దించితే గిటార్ మెడ వెనక్కి వాలుతుంది. మెడ లోపలి ఇనప కడ్డీని (ట్రస్ రాడ్) పావు చుట్టుకి మించకుండా వదులు చేసి ఒక రోజు ఆగి చూడాలి. తేలే బ్రిడ్జి అయితే వెనక స్ప్రింగులు దాన్ని లోపలికి లాగేస్తాయి, వాటి మరలు కాస్త వదలాలి. లావు తీగ వేస్తే మెడ పైకొసన తీగలు దాటే నట్ గాడిలో ఇరుక్కుంటుంది, మెలిక తిప్పినప్పుడు టిక్కుమంటే అదే. చివరగా పన్నెండో మెట్టు మీద తాకి వదిలిన స్వరం, నొక్కిన స్వరం పోల్చాలి. నొక్కింది పైకుంటే బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్ వెనక్కి జరపాలి. ఇదంతా కచేరీ మధ్యలో అయ్యే పని కాదు. దించిన గిటార్ వేరేగా పక్కన ఉండాలి.

ఇంత చేశాక కూడా నా మాట మారలేదు. మూడు పాటలు తీసేస్తే ఇవేవీ అక్కర్లేదు.

రాజోలు శ్రుతిపెట్టె:

ఆ మూడు పాటల కోసమే కదండీ జనం టిక్కెట్టు కొనేది.

భీమవరం మిక్సర్:

గొంతు పోవడంలో వయసుది ఎంతో గానీ, గాయకుడికి తన పాట వినిపించే మానిటర్ బాక్సుది మాత్రం చాలా ఉంది. వెనక డ్రమ్ములు, పక్కన గిటార్ యాంప్ మోగుతుంటే తన గొంతు తనకి వినపడని మనిషి తెలియకుండానే అరుస్తాడు. వయసు మీద చెవి పై స్వరాలు ముందు పోగొట్టుకుంటుంది కాబట్టి ఇంకా అరుస్తాడు. ఏసీ/డీసీ బ్యాండ్ గాయకుడు బ్రయాన్ జాన్సన్ 2016లో పర్యటన మధ్యలో ఆగింది గొంతు వల్ల కాదు, చెవి వల్ల.

మావుళ్ళమ్మ ఉత్సవాల వేదికల్లాంటి చోట్ల గాయకుడికి ఒక్క బాక్సు పెట్టి సరిపెడతారు. కనీసం ఇవి చెయ్యండి. బాక్సు మైకు వెనక భాగానికి ఎదురుగా ఉండాలి, అప్పుడు మైకు కూత (ఫీడ్‌బ్యాక్) రాకముందు మరికాస్త ఎత్తు దొరుకుతుంది. గొంతు చానల్‌లో 100 హెర్ట్జ్ కింద కోసెయ్యండి. బాక్సులో గొంతు, కీబోర్డు చాలు, డ్రమ్ములు ఎలాగూ వినిపిస్తాయి. గిటార్ యాంప్‌ని గాయకుడి వీపుకి గురిపెట్టకుండా పక్కకి తిప్పండి. చెవిలో పెట్టుకునే మానిటర్ కొనగలిగితే కొనండి, రెండు చెవులకీ పెట్టాలి. ఒకటి తీసి పాడితే పెట్టుకున్న దాంట్లో ఎత్తు పెంచుకుంటారు, ఆ చెవి పోతుంది.

జనానికి వినిపించే బయటి మిక్స్‌లో కంప్రెసర్ (ఎత్తైన చప్పుడుని నొక్కి సమం చేసేది) 3:1 చాలు. ముసలి గొంతు పదం మొదట్లో బలంగా వచ్చి చివర జారిపోతుంది, 6:1 పెట్టి నొక్కితే ఊపిరి చప్పుడు ముందుకొస్తుంది.

నరసాపురం బేస్:

మరి వెనకనుంచి రికార్డు గొంతు కలపడం? శ్రుతి దించడం మీద ఇంత గొడవ చేస్తూ దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

భీమవరం మిక్సర్:

కోరస్ వెనక రెండు పొరలు కలిపితే నాకు అభ్యంతరం లేదు. ముఖ్య గొంతు టేపు మీద నడిపితే అది కచేరీ కాదు. పైగా టేపుతో డ్రమ్మర్ క్లిక్‌కి (చెవిలో మోగే తాళం దెబ్బకి) కట్టుబడిపోతాడు, ఊపిరి చాలని గాయకుడు చరణానికి ముందు అర క్షణం ఆగుదామన్నా కుదరదు. ముసలి గొంతుకి కావలసిందే ఆ అర క్షణం.

పాలకొల్లు గిటార్:

దీంట్లో మాత్రం మీతో ఏకీభవిస్తాను. టేపు కంటే దించడం వెయ్యి రెట్లు నయం.

కాకినాడ స్వరపేటిక:

పనిలో పని, మన వైపు నడిచే చిట్కాల మీద నాలుగు మాటలు. కరక్కాయ బుగ్గన పెట్టుకుంటే లాలాజలం ఊరుతుంది, మిరియాల కషాయం గొంతుకి హాయి. కానీ మింగింది ఏదీ స్వరతంత్రుల మీద పడదు, పడితే పొలమారుతుంది. తంత్రులకి తడి ఒంట్లోంచే రావాలి, తాగిన నీళ్ళు అక్కడికి చేరడానికి గంటలు పడుతుంది. వేదిక మీద సీసా ఎత్తడం నోటి కోసమే. డెల్టా గాలి తేమగా ఉంటుంది కాబట్టి ఇక్కడి గొంతులకి అదృష్టం ఉంది, ఏసీ కల్యాణ మండపంలో మాత్రం ఆ అదృష్టం పోతుంది. గడ్డి తగలబెట్టే రోజుల్లో, జనరేటర్ పక్కన వేసిన వేదిక మీదా అంతే.

కచేరీ అయ్యాక అర్ధరాత్రి ఆవకాయతో, వేపుడుతో భోంచేసి వెంటనే పడుకోవడం పెద్ద శత్రువు. ఆమ్లం పైకి తన్ని పొద్దున్నకి తంత్రులు ఉబ్బుతాయి. తిండికీ నిద్రకీ మధ్య మూడు గంటలు ఉండాలి.

గొంతు వేడెక్కించడానికి 9 నుంచి 10 మిల్లీమీటర్ల గొట్టం, 35 సెంటీమీటర్ల పొడవు, కొన 2 నుంచి 3 సెంటీమీటర్లు నీళ్ళలో ముంచి "ఊ" అంటూ బుడగలు రానివ్వాలి, కింది నుంచి పైకి జారుతూ 5 నిమిషాలు. ఇంకా లోతుగా ముంచితే ఒత్తిడి పెరిగి మళ్ళీ మెడ పిండుడే. గొట్టం లేకపోతే బోండం తాగిన స్ట్రా కూడా పనిచేస్తుంది.

కచేరీ మర్నాడు పొద్దున ఒక చిన్న పాట ముక్క చాలా పై శ్రుతిలో, పక్కగదికి వినపడనంత మెల్లగా పాడి చూడండి. స్వరం మొదలవడానికి ముందు ఉత్త గాలి వస్తే తంత్రులు ఉబ్బి ఉన్నట్టు. ఆ రోజు పాడకూడదు. అది రెండు వారాలు తగ్గకపోతే స్ట్రోబోస్కోపీ (తంత్రుల కదలికని మెరిసే వెలుగులో చూసే పరీక్ష) ఉన్న చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. కచేరీ ఆగకూడదని స్టెరాయిడ్ సూది వేయించుకుని ఎక్కేవాళ్ళున్నారు. వాపు తగ్గుతుంది, తంత్రి బాగుపడదు. దానికి తోడు ఆస్పిరిన్ కూడా వేసుకుంటే రక్తనాళం చిట్లే ప్రమాదం. ఏరోస్మిత్ బ్యాండ్ గాయకుడు స్టీవెన్ టైలర్‌కి 2006లో తంత్రిలో నాళం చిట్లి ఆపరేషన్ అయింది. 2023లో స్వరపేటికే చిట్లింది, మరుసటి ఏడు పర్యటనలు మానేశారు.

కొత్తపేట కీబోర్డు:

గిటార్ మాస్టారికి ఒక ప్రశ్న. ఫ్లీట్‌వుడ్ మాక్ గాయని స్టీవీ నిక్స్ పై స్వరాల దగ్గర బాణీని కిందికి తిప్పేసుకుంటారు. శ్రుతి అసలుదే, మీ నొక్కని తీగా అసలుదే, పాట మాత్రం మారింది. అది మీ లెక్కలో ఒప్పా తప్పా?

పాలకొల్లు గిటార్:

ఒప్పే. తోడు గాయకురాలు అసలు బాణీ పైన పట్టుకుని ఉంటే.

రాజోలు శ్రుతిపెట్టె:

అంటే బాణీ మార్చొచ్చు, పైభాగం ఇంకొకరికి ఇచ్చెయ్యొచ్చు, శ్రుతి ఒక్కటే ముట్టుకోకూడదు. ఇదేం న్యాయమండీ? దించి మొత్తం బాణీ తనే పాడినవాడు మీకు పాట పాడనట్టు, సగం వదిలేసినవాడు పాడినట్టు.