పంచాయతీ లెక్కలు ఫోన్‌ల చూసుడు నేర్పితే ఊరికి ఏమొచ్చింది?

నీలగిరి_పోరడు
మొన్న మా మండలంల మూడు రోజులు శిక్షణ పెట్టిన్రు. మహిళా సంఘాలు, యువజన సంఘాలు, వికలాంగుల సంఘం, ఫ్లోరైడ్ బాధితుల తరఫున తిరిగే ఇద్దరు, అంత కలిపి నలభై మందిమి. పంచాయతీకి వచ్చిన పైసలు ఫోన్‌ల చూసుడు, గ్రామసభ వీడియో తీసుడు, ఫిర్యాదు ఆన్‌లైన్‌ల పెట్టుడు నేర్పిన్రు. పంచాయతీల లెక్కలు పెట్టే సర్కారు సైటు ఈ-గ్రామస్వరాజ్‌ల రాష్ట్రం, జిల్లా, మండలం, ఊరు ఒక్కోటి నొక్కుకుంట పోతే మా ఊరి ఖర్చులు వచ్చినయి. బోరు మోటరు రిపేరుకు 18,500 అని ఉన్నది. ఆ మోటరు రెండేండ్ల సంది పంచాయతీ ఆఫీసు వెనుక తుప్పు పడుతున్నది, మీద కోళ్లు పండుకుంటున్నయి. నాకైతే అది చూసి నిద్ర పట్టలే. మా చిన్నాయిన మాత్రం "ఫోటోలు దిగి పోనీకి పెట్టిన్రురా" అంటున్నడు. మీరేమంటరు?

పోస్టుకార్డు_పాతకాపు
మీ చిన్నాయినకు నా దండం చెప్పు. 2006 సంది సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెడుతున్న. ఊరి పంచాయతీల అడిగితే ఫీజు లేదు, మండలంల 5 రూపాయలు, ఆ పైన 10. కాగితం రెండు ప్రతులు రాస్త. ఒకటి ఇస్త, రెండోదాని మీద ఇన్‌వర్డ్ నంబరు వేయించి ముద్ర కొట్టించుకుంట. ఆ ముద్ర తేదీ కాంచి 30 రోజులు. జవాబు రాకపోతే ఇంకో 30 రోజుల్ల మొదటి అప్పీలు. దానికీ పలుకకుంటే 90 రోజుల్ల సమాచార కమిషన్‌కు రెండోది. ఫోన్‌ల నొక్కినోనికి ముద్ర ఏది?

చిట్యాల_హైవే
మోటరు ఫోటో పెట్టు తమ్మీ, కోళ్లతోని సహా.

గద్వాల_జరీ
నేను ఇలాంటి శిక్షణలు ఇచ్చేదాన్నే, కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే చదవండి. పెద్దన్నా, చట్టంలో 6(1) చూడండి. రాసి ఇవ్వొచ్చు, ఎలక్ట్రానిక్‌గానూ ఇవ్వొచ్చు. రాయలేని మనిషి నోటితో చెప్తే రాసుకోవడానికి అధికారే సాయం చెయ్యాలి. ఆన్‌లైన్‌లో పెడితే నంబరూ తేదీ వాటంతటవే పడతాయి, ఆ నంబరే మీ ముద్ర. అయినా మేం నేర్పేది దరఖాస్తు పెట్టడం కన్నా ముందున్న పని. అడగకముందే ఆఫీసులు తమంతట తాము లెక్కలు బయట పెట్టాలని సెక్షన్ 4 చెప్తోంది. పెట్టినవాటిని చూసుకునే అలవాటు ఊళ్లో ఎంతమందికి ఉంది? ఆ పోరడికి మోటరు లెక్క పది నిమిషాల్లో దొరికింది. మీ దారిలో అయితే నెల.

పోస్టుకార్డు_పాతకాపు
దొరికింది. దొరికినంక ఏమైంది? మోటరు బాగైందా?

నంబరు సంగతి కూడ చెప్త. మా వాడకట్టుల నల్లా పైపు పగిలితే మా అల్లుడు ఫోన్‌ల ఫిర్యాదు పెట్టిండు. నంబరొచ్చింది. తొమ్మిదో రోజు "మీ ఫిర్యాదు పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది. ఆ మెసేజ్ చదివేటప్పుడు మావోడు ఆ నీళ్లల్లనే నిలవడి ఉన్నడు. ఎవరు మూసిన్రు, ఏ తేదీన వచ్చి చూసిన్రు, ఎవరి సంతకం? ఏదీ లేదు. కాగితం మీదనైతే అబద్ధం రాసినోని సంతకం కూడ దొరుకుతది. అందుకే ముద్ర.

అమ్రాబాద్_అడవి
మా చెంచు పెంటల సిగ్నల్ కావాల్నంటే గుట్టెక్కాలె. శిక్షణోళ్లను ఆడికి రమ్మను.

పుణె_పాలమూరోడు
నేను నారాయణపేట దిక్కోన్ని, ఎనిమిదేండ్ల సంది పుణెల సెంట్రింగ్ పని. మా ఊళ్లె సగం ఇండ్లకు తాళాలే. గ్రామసభ పెట్టిన్రంటే కూసునేది ముసలోళ్లు, సర్పంచి మనుషులు. కిందటిసారి ఎవరో పోరగాడు సభ మొత్తం వీడియో తీసి ఊరి గ్రూపుల ఏసిండు. ఈడ షెడ్డుల రాత్రి పదకొండు మందిమి కూసోని చూసినం. ఇండ్ల లిస్టుల మా అమ్మ పేరు చదవలే. తెల్లారే ఫోన్ చేసి అడిగినం. ముద్ర కోసం నేను ఊరికి వస్తే పోను రాను ఛార్జీలు, నాలుగు రోజుల కూలి పోతది పెద్దాయనా. ఎవరిస్తరు?

సంఘం_అక్క
కూలి మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్త. కోస్గి దిక్కు వివోఏగ, అంటే మహిళా సంఘాల లెక్కలు రాసే పని చేస్తున్న. ఊరి సంఘాలన్నీ కలిసిన మా సంఘబంధం నుంచి ఆరుగురిని ఇట్లాంటి శిక్షణకే తోలిచ్చినం. పత్తి ఏరే రోజులు. మూడు రోజుల కూలి పోయింది. అన్నం పెట్టిన్రు, బ్యాగు ఇచ్చిన్రు, పెన్ను ఇచ్చిన్రు. కూలి మాట ఎవరూ ఎత్తలే. జీతమొచ్చేటోళ్లు నేర్పుతరు, కూలి పోయేటోళ్లు నేర్చుకుంటరు.

ఇంకొకటి. ఫోన్ ఊళ్లెకు మొదలు మా చేతికి రాలే, మమ్మల్ని చూసేతందుకు వచ్చింది. ఉపాధి పనుల 2023 జనవరి 1 కాంచి యాప్‌ల హాజరు తప్పనిసరి చేసిన్రు, దినాం రెండుసార్లు ఫోటో. గుట్ట కింద సిగ్నల్ లేక రెండో ఫోటో ఎక్కకపోతే పొద్దంత మట్టి తవ్విన కూలి గల్లంతు. మా హాజరు వేసే మేట్ ఫోన్ పైకెత్తుకొని చెట్టు చెట్టుకు తిరిగేది.

గద్వాల_జరీ
ఆ యాప్ విషయంలో మీ మాటే నా మాట అక్కా. 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే సర్క్యులర్ రాసింది, పనికి సంబంధం లేని ఫోటోలు పెడుతున్నారని, ఫోటోను ఫోటో తీసి పెడుతున్నారని. అందుకే కదా మన చేతిలోనూ ఫోన్ ఉండాలంటున్నాను! రాజస్థాన్‌లో 1994లోనే మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు ఊరి మధ్య జనసభలు పెట్టి పనుల లెక్కలు గట్టిగా చదివించారు. 2019లో అక్కడి ప్రభుత్వం జన్ సూచనా పోర్టల్ తెచ్చింది. చెట్టుకింద చదివిన లెక్కలే ఫోన్‌లోకి వచ్చాయి.

పోస్టుకార్డు_పాతకాపు
నువ్వే చెప్పినవ్ గద బిడ్డా. ముందు చెట్టుకింద, పాతికేండ్లకు పోర్టల్. మీరు పోర్టల్ తోని మొదలువెట్టి చెట్టును మరిచిన్రు. ఈడ మనకు చెట్టు లేకనా? ఉపాధి హామీ తొలి విడతలనే నల్లగొండ, పాలమూరు మన రెండు జిల్లాలున్నయి. సామాజిక తనిఖీల మస్టర్లు, అంటే కూలోళ్ల హాజరు పట్టీలు, సంకల వెట్టుకొని ఇల్లిల్లు తిరిగినోన్ని నేను. చచ్చిపోయిన మనిషి పేర పన్నెండు రోజుల కూలి ఎత్తుకున్నరని ప్రజావేదికల చదువుతుంటే ఆ మనిషి కొడుకు ముందట్నే కూసున్నడు. వాని మొకం నేను మరువ. ఏ యాప్ చూపెడతది ఆ మొకం?

అయినా ఒక మాట అడుగుత. మా మండలంల శిక్షణ పెట్టినప్పుడు తెర మీద ఉదాహరణ అని చూపెట్టిన దరఖాస్తు నాది. నా చేతిరాత. నన్ను పిలువలే.

చిట్యాల_హైవే
ఇప్పుడొచ్చింది అసలు బాధ 😀

పోస్టుకార్డు_పాతకాపు
నవ్వుడు సులువే. చిట్యాలల కూసోని నవ్వుతవ్.

గద్వాల_జరీ
అది మా బృందం చేసింది కాదు, ఎవరు చేసినా తప్పే. కానీ పెద్దన్నా, మీరే ఈ ముడి వేశారు కాబట్టి అంటున్నాను. మీలాంటి ఒక్క మనిషి మీద ఆధారపడిన ఊళ్లు నేను చాలా చూశాను. ఆయనకు మోకాలు ఆపరేషన్ అయితే ఆర్నెల్లు ఒక్క కాగితం కదలదు. ఆయనకు కోపమొస్తే ఆ వాడకు దరఖాస్తు ఉండదు. మేం ప్రతి ఒక్కరూ ఎవరి ఫోన్‌తో వాళ్లు, ఎవరి పేరుతో వాళ్లు అడగాలని నేర్పుతాం. హక్కు అన్నాక ఇంకొకరి సంచిలో ఉండకూడదు.

సంఘం_అక్క
"ఎవరి పేరుతో వాళ్లు" అన్నవు జూడు, ఆడ ఆగు మేడం. చెప్పొద్దనుకున్న, చెప్పిస్తున్నవ్.

మేము తోలిచ్చిన ఆరుగురిల ఒకామె. ఒంటరి మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. శిక్షణల మస్తు చురుకు. ఊళ్లె వేయని మోరీకి బిల్లు ఎత్తిన్రని ఫోన్‌ల చూసింది. మీరు నేర్పినట్టే తన పేరు, తన నంబరుతోని ఫిర్యాదు పెట్టింది, మోరీ లేని జాగ వీడియో తీసి గ్రూపుల ఏసింది. వారం దినాలకు ఫిర్యాదు నకలు ఆ కాంట్రాక్టరు చేతిల ఉన్నది, ఆమె నంబరుతో సహా. రాత్రి పదకొండుకు ఫోన్లు. ఊళ్లె సగం భూములు ఆ ఇంటోళ్లయే. పత్తికి పిలుచుడు బంద్ జేసిన్రు. ఆమె పక్క ఊరికి ఆటోల పోయి ఏరుతున్నది, దినానికి 40 రూపాయలు ఆటోకే. శిక్షణ ఇచ్చినోళ్లకు ఫోన్ జేస్తే "ఆ ప్రాజెక్టు మార్చిల అయిపోయిందమ్మా" అన్నరు.

కూలి కూలి అని నేను ఊకెనే అంటున్ననా?

అమ్రాబాద్_అడవి
అయ్యో.

నీలగిరి_పోరడు
అక్కా, నేనూ నా పేరు మీదనే పెట్టిన మోటరుది. మొన్ననే.

పోస్టుకార్డు_పాతకాపు
ఇది చదివి చాయ్ చల్లారింది.

ముద్ర ముద్ర అంటే మీకు ముసలోని చాదస్తం అనిపించింది. ఇయ్యాల ఇప్పుతున్న. ఇరవై ఏండ్ల సంది నా దగ్గరికి వచ్చినోళ్ల దరఖాస్తు ఒక్కటి కూడ వాళ్ల పేరుతోని పెట్టలే. అన్నీ నా పేరే, నా అడ్రసే. ఎందుకు అడుగుతున్నవో చెప్పనక్కర లేదని 6(2)ల ఉన్నది. ఏ ఇంటి నుంచి వచ్చిందో వాళ్లకు తెల్వది. ముద్ర పడ్డ కాగితం నా సంచిల ఉంటే దెబ్బ నాకే. రెండుసార్లు తగిలింది, ఒకసారి బండి కాలవెట్టిన్రు. నాకు కొడుకు పంపుతడు, తింట. ఆ బిడ్డకు ఎవరు పంపుతరు?

గద్వాల_జరీ
అక్కా, ఆ ఫోన్ ఎత్తింది నేను కాదు. కానీ నేనూ అదే జవాబు చెప్పేదాన్నేమో. మాకు లెక్క అడుగుతారు: ఎంతమంది సొంత లాగిన్ చేశారు, ఎన్ని ఫిర్యాదులు పెట్టారు. పెట్టినవాళ్లకు ఆ తర్వాత ఏమైందన్న గడి ఆ ఫారంలో ఉండదు.

అయినా పెద్దన్న దారికి నేను ఒప్పుకోలేను. ఆయన పేరు వెనక దాక్కుంటే ఊరు ఎప్పటికీ దాక్కునే ఉంటుంది. అందరి తరఫునా సంఘం పేరుతో పెడితే?

పోస్టుకార్డు_పాతకాపు
పెట్టి చూసిన. తిప్పి పంపిన్రు. సెక్షన్ 3ల "పౌరులందరికీ" అని ఉన్నది, సంఘం పౌరుడు కాదన్నరు. సంఘంల పదవి ఉన్న మనిషి తన పేరు రాసి పౌరున్ని అని అడిగితే ఇయ్యొచ్చని కేంద్రం చెప్పింది. అంటే తిరిగి తిరిగి ఒక మనిషి పేరు కావాల్సిందే. అధ్యక్షురాలిది పెడతరా? ఆమెకు భూమి ఉందా, కూలికి పోతదా?

పుణె_పాలమూరోడు
మావి పెట్టున్రి. ఈడ పదకొండు మందిమి ఉన్నం, అందరివి ఊరి ఓటర్ కార్డులే. పుణెలున్నోన్ని పత్తికి పిలువకపోతే నాకేంది?

సంఘం_అక్క
నీకేం కాదు తమ్మీ. ఊళ్లె మీ అమ్మ ఉన్నది.

పుణె_పాలమూరోడు
...అవు.

నీలగిరి_పోరడు
మరి నేను పెట్టింది వాపసు తీసుకోవాల్నా? తీసుకునేది ఎక్కడుందో కూడ నేర్పలే.

పోస్టుకార్డు_పాతకాపు
తీసుకోకు. తీసుకుంటే భయపడ్డవని తెలుస్తది. దాని నంబరు, మోటరు ఫోటో నాకు మెసేజ్ పెట్టు. అదే సంగతి మీద నేను కాగితం పెడుత, వచ్చే సోమారం ప్రజావాణిల కలెక్టరాఫీసుల ఇస్త. అప్పుడు అడిగినోడు నువ్వొక్కనివే కావు.

గద్వాల_జరీ
పెద్దన్నా, ఇది మళ్లీ మీ సంచే.

పోస్టుకార్డు_పాతకాపు
అవును, నా సంచే. నీ దగ్గర వేరే సంచి ఉంటే చూపెట్టు.

సంఘం_అక్క
బుధారం మా సంఘబంధం మీటింగ్. రాత్రి ఏడింటికి పెడుతున్న, ఎవరి కూలీ పోకుంట. మోరీ సంగతి మల్ల ఎత్తుతం. ఎవరి పేరు పెట్టాల్నో అందరిని అడుగుత, ఆమె పేరు మాత్రం ఈసారి పెట్టనియ్య. మేడం, మీరు రావాల్నంటే రాండ్రి. బ్యాగులు తేకున్రి.