ముత్యంధార జలపాతం, పాకాల చెరువు టూర్లు: కొత్తదనం తెస్తున్నది టూర్లు నడిపేవాళ్లేనా?

వాగుతొవ్వ:
ములుగు దిక్కు అడవి టూరిజం అంటే ఒకప్పుడు లక్నవరం వేలాడే వంతెన మీద ఫొటో, బొగత జలపాతం కింద తడిసి రావడం. పన్నెండు మందికి మించకుండా అడవి నడక, చలికాలం పాకాల గట్టు మీద తెల్లారకముందే పిట్టలు చూడటం టూర్లు నడిపేవాళ్లు అలవాటు చేసినవే. వాళ్లకు పర్మిషన్లు సులువు చేయాలి.

గోదారిగట్టు:
ఒప్పుకోను. కాగజ్‌నగర్‌ల బర్డ్ వాక్ పెట్టింది అటవీ శాఖ. టూర్లోళ్లు తర్వాత పోస్టర్లేసుకున్నరు. 2023 జులైల ముత్యంధారకు పోయినోళ్లు 80 మంది దాకా వాగు పొంగి అడవిలనే చిక్కుకున్నరు. ఎన్డీఆర్ఎఫ్ రావాల్సొచ్చింది. ముందు గది చెప్పు.

వాగుతొవ్వ:
అందుకే పద్ధతిగా నడిపేవాళ్లు కావాలంటున్నా. ముందొక గైడు, వెనకొక గైడు. పోయేటప్పుడే వాగులో రాయికి సున్నంతో గీత. వచ్చేసరికి గీత మునిగితే దాటొద్దు. తాడు కూడా ఉండాలి.

చెరువుకట్ట:
తాడు నడుముకు కట్టుకోవాల్నా?

గోదారిగట్టు:
అసలే కట్టొద్దు. కాలు జారితే తాడు బిగిసి మనిషిని నీళ్ల కిందనే అదిమిపెడ్తది. చేత్తో పట్టుకోనీకే తాడు. తాడుకు దిగువన ఉండి, ఎగువకు మొఖం పెట్టి అడుగులెయ్యాలె. బ్యాగు నడుం బెల్టు ముందే విప్పాలె. మోకాలు మునిగే పారకంల దిగుడే వద్దు.
ఇగ సున్నం వానకు కారిపోతది. ఆయిల్ పెయింట్ వెయ్యాలె.

వాగుతొవ్వ:
పెయింట్ అడవిలో ఎవరు వేయనిస్తారు? సున్నం చాలు.

గోదారిగట్టు:
గీత కన్నా ముందు నీళ్ల రంగు చూడాలె. ఎగువ గుట్టల మీద వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండంగనే వాగు లేస్తది. తేటనీళ్లు ఎర్రబడి, ఆకులు పుల్లలు కొట్టుకొచ్చినయంటే ఆగుడే. గది కోయ పిల్లగాండ్లకు గీత లేకున్నా తెలుసు.

వాగుతొవ్వ:
ప్రతిదానికీ తప్పు పట్టడమే! ప్రైవేటు అంటేనే మీకు పడదు.

గోదారిగట్టు:
నీకేమో గైడంటే రోజుకూలోడు. నడక రద్దయితే వానికి కూలి రాదు, టూర్లోళ్లు టికెట్ పైసలు వాపస్ ఇయ్యాలె. ఇద్దరికీ ముందుకు పోతనే లాభం. ఇగ వెనక్కి మళ్లుదామని ఎవడంటడు? నీ కొత్తదనమంతా ఆడనే వాగుల కలుస్తది.

పాకాలపిట్ట:
అన్నలూ, లెక్క చెప్తా. గైడు కూలి వెయ్యి అనుకుంటే ఇద్దరికి 2,000. పన్నెండు మందికి పంచితే తలకు 170 కూడా కాదు. టికెట్‌లోనే ఆ వాటా విడిగా తీసిపెట్టి, నడక ఆగినా ఇచ్చేయాలి. మిగిలింది వాపస్.

వాగుతొవ్వ:
కూలి ఇవ్వడానికి అభ్యంతరం లేదు. కానీ వెనక్కి తిప్పే మాట గైడుకు వదలకూడదు. జనం పైసలు కట్టింది నడిపేవాళ్లకు, ఏదైనా అయితే కేసు వాళ్ల మీదే.

గోదారిగట్టు:
గిప్పుడు అసలు మాటన్నవు. వాగు ఒడ్డున నిలబడేది గైడు. ఆగుమన్న మాట ఆయనదే ఉండాలె, కాగితం మీద. అది రాసియ్యనోళ్లకు పర్మిషనే వద్దు.