గడువు దాటిన పిగ్మెంట్ ఇంకు: వాడాలా, పారేయాలా?

కడలి_ఫొటో (విశాఖ):
ఎప్సన్ పి800 ఫొటో ప్రింటర్‌కి కొన్న 80 ఎం.ఎల్. కార్ట్రిడ్జులు సీల్ కూడా తీయకుండా ఉన్నాయి. పెట్టె మీద తేదీ దాటి ఏడాదైంది. పెళ్లి ఆల్బమ్ ఆర్డర్ చేతిలో ఉంది. పిగ్మెంట్ ప్రింటు వందేళ్లు ఉంటుందంటారు కదా, మరి ఇంకు ఇంత తొందరగా పాడవుతుందా?

నలుపుతెలుపు:
వాడెయ్ అన్నా. తేదీ దాటిన మర్నాడే విరిగిపోవడానికి అవేం పాలు కావు. చల్లటి చోట, ఎండ తగలకుండా ఉన్నవైతే నేను నిక్షేపంగా వాడుకుంటున్నా. అంత ఖరీదైన ఇంకు చెత్తబుట్టలో వేయడానికి మనసెలా ఒప్పుతుంది?

రంగుల_మేస్త్రి (హైదరాబాద్):
తమ్ముడూ, నేను ఒప్పుకోను. డై ఇంకులో రంగు నీళ్లలో కరిగిపోయి ఉంటుంది. పిగ్మెంట్‌లో అలా కాదు, సన్నటి గట్టి రేణువులు ద్రవంలో తేలుతుంటాయి. అవి ఒకదానికొకటి అంటుకోకుండా మందులు కలుపుతారు. అడుగున పేరుకున్న ఇంకును ఊపితే మళ్లీ కలుస్తుంది. ఆ మందు పట్టు తప్పి ముద్దకట్టిందా, ఎంత ఊపినా కలవదు. పోయి నాజిల్‌లో, అంటే ఇంకు చిమ్మే సన్నటి రంధ్రంలో కూర్చుంటుంది. ఆ నాజిళ్లున్న హెడ్డు మార్చాల్సి వస్తే కార్ట్రిడ్జి ధర ఏ మూలకు?

వందేళ్ల మాట కాగితం మీద ఆరిన ఇంకుది, డబ్బాలో ఉన్నదానిది కాదు. ప్రింట్లు ఎన్నేళ్లు మన్నుతాయో పరీక్షించే విల్‌హెల్మ్ సంస్థ లెక్కకు రోజుకు 12 గంటలు, 450 లక్స్ వెలుతురు ఆధారం. కాగితం మారినా, ముందు గాజు లేకపోయినా ఫలితం మారిపోతుంది. ఎండ పడే గోడకు ఆ హామీ లేదు.

నలుపుతెలుపు:
మేస్త్రి గారూ, ముద్దకట్టిందో లేదో నాజిల్ చెక్ (ప్రింటర్ తీసే పరీక్ష గీతలు) చేస్తే తెలిసిపోదా?

రంగుల_మేస్త్రి:
మూసుకుపోయిన నాజిల్ తెలుస్తుంది. రంగు పలచబడితే తెలియదు. నలుపు నుంచి తెలుపు దాకా బూడిదరంగు మెట్ల పట్టీ ఒకటి ప్రింట్ తీసి, ఆరాక పగటి వెలుగులో చూడు. పాత ప్రింటు పక్కన పెడితే ఏ మెట్టు ఆకుపచ్చకో ఎరుపుకో తిరిగిందో కనబడుతుంది. పి800లో బూడిద రంగు ఎక్కువగా లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్ అనే పలచటి నలుపు ఇంకుల మీద నడుస్తుంది కాబట్టి వాటిలో తేడా ఉంటే అక్కడ బయటపడుతుంది.

నలుపుతెలుపు:
పట్టీ బాగా వస్తే?

రంగుల_మేస్త్రి:
నీ సొంత ప్రింట్లకు వాడుకో. కార్ట్రిడ్జి పెట్టాక ఆరు నెలల్లో అయిపోవాలని కంపెనీయే చెబుతుంది, అది మాత్రం మర్చిపోకు. డబ్బిచ్చిన పెళ్లివాళ్ల ఆల్బమ్‌కు మాత్రం వద్దు.

కడలి_ఫొటో:
ఆల్బమ్‌కు కొత్తవే తెప్పిస్తున్నా. పాతవాటితో ముందు ఆ పట్టీ తీస్తా. పెట్టేముందు ఊపాలి కదా?

రంగుల_మేస్త్రి:
ఊపు, కానీ పెట్టకముందే. ఒకసారి పెట్టి తీసినదాన్ని ఊపితే ఇంకు కారుతుంది.