కాలు బెణికితే కదపకుండా ఉంచాలా, త్వరగా నడవాలా?

రైడర్_తణుకు:
శనివారం కబడ్డీ ప్రాక్టీసులో రైడ్‌కి వెళ్లి వెనక్కి తిరుగుతుంటే కుడి పాదం లోపలికి మడత పడింది. చీలమండ బయటివైపు నిమ్మకాయంత వాచింది. మావయ్య చింతపండు, ఉప్పు ఉడికించి పట్టు వేసి, మూడు వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. మా కెప్టెన్ మాత్రం రెండు రోజులు ఐస్ పెట్టి నడిచేయమంటున్నాడు. నెలలో టోర్నమెంట్ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరి మాట వినాలి?

పాత_కోచ్:
తమ్ముడూ, మావయ్య మాటే విను. ఇరవై ఏళ్లుగా పిల్లల చేత ఆడిస్తున్నాను. తొందరపడి కోర్టులోకి దిగిన వాళ్లకే మళ్లీ మళ్లీ అదే కాలు మడత పడింది. ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్ అతుక్కోవడానికి టైమ్ ఇవ్వాలి కదా.

ఫిజియో_విజయనగరం:
కోచ్ గారూ, మీరు చూసింది నిజం. కానీ దానికి కారణం వాళ్లు త్వరగా నడవడం కాదు, బ్యాలెన్స్ తిరిగి రాకముందే ఆడటం. లిగమెంట్ సాగినప్పుడు పాదం ఏ కోణంలో ఉందో మెదడుకు చెప్పే నరాల కొసలు కూడా దెబ్బతింటాయి. మూడు వారాలు మంచం మీద ఉంటే వాపు పోతుంది, ఆ బ్యాలెన్స్ మాత్రం రాదు. పైగా పిక్క కండ సన్నబడుతుంది. మామూలు బెణుకైతే రెండు మూడు రోజులకే, ఓర్చుకోగలిగినంత మేర బరువు వేయాలి. లిగమెంట్‌లో కొత్తగా పుట్టే పోగులు బరువు పడే దిశలోనే సర్దుకుంటాయి. లిగమెంట్ పూర్తిగా తెగితే సంగతి వేరు, అప్పుడు పది రోజుల దాకా కాలు కదలకుండా పట్టి ఉంచే బూట్ వేసే పద్ధతి ఉంది.

షటిల్_నాన్న:
మరి ఐస్ సంగతి? రెస్ట్, ఐస్, కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే సూత్రాన్ని 1978లో చెప్పిన అమెరికా స్పోర్ట్స్ డాక్టర్ గేబ్ మిర్కిన్ గారే, ఐస్ వల్ల మానడం ఆలస్యం కావచ్చని తర్వాత మాట మార్చుకున్నారు. ఇంకా పిల్లలకి గంటల తరబడి ఐస్ ఎందుకు పెట్టిస్తున్నారు?

ఫిజియో_విజయనగరం:
గంటల తరబడి పెట్టకూడదు. నొప్పి భరించలేనప్పుడు గుడ్డలో చుట్టి పది, పదిహేను నిమిషాలు చాలు. అది నొప్పిని తగ్గిస్తుంది, లిగమెంట్‌ను అతికించదు. పట్టు బాగా చల్లారాక వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. మొదటి రోజుల్లో మర్దన మాత్రం వద్దు, వాపు పెరుగుతుంది.

పాత_కోచ్:
సరేనమ్మా, నడవడానికి ఒప్పుకుంటాను. నెలలో టోర్నమెంట్‌కి మాత్రం ఒప్పుకోను.

ఫిజియో_విజయనగరం:
తేదీ చూసి కాదు సార్, కాలు చూసి చెప్పాలి. దెబ్బ తగిలిన కాలి మీద కళ్లు మూసుకుని అరనిమిషం నిలబడాలి, ఆ ఒంటికాలి మీదే, బాగున్న కాలితో సమానంగా గెంతాలి, పరుగులో టక్కున దిశ మార్చగలగాలి. ఇవి వచ్చాకే మ్యాట్ ఎక్కాలి. కోలుకున్నాక కూడా రోజూ ఒంటికాలి మీద నిలబడే సాధన, చీలమండని మడత పడకుండా పట్టి ఉంచే బ్రేస్ ఉంటే మళ్లీ బెణికే అవకాశం తగ్గుతుంది.

షటిల్_నాన్న:
నొప్పి పోనప్పుడు బెణుకేలే అనుకోవడం కూడా ప్రమాదమే. 2022 కామన్‌వెల్త్‌లో పి.వి.సింధు చీలమండ నొప్పితోనే స్వర్ణం గెలిచింది. తర్వాత చూస్తే స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదే పదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని చీలిక! ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్ ఆడలేకపోయింది.

ఫిజియో_విజయనగరం:
అసలు ముందు అడగాల్సింది ఇదే, నేనే ఆలస్యం చేశాను. తమ్ముడూ, 1992లో కెనడాలోని ఒట్టావా డాక్టర్లు చెప్పిన పరీక్ష ఉంది. నాలుగు అడుగులు వేయగలవా? చీలమండకి రెండు పక్కలా ఉన్న గుబ్బ ఎముకల వెనక అంచు, పాదం లోపలివైపు మధ్య ఎముక, చిటికెన వేలి వైపు పాదం మధ్యలో పొడుచుకొచ్చే ఎముక, వీటిని వేలితో నొక్కి చూడు. నడవలేకపోయినా, ఎముక మీదే నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే.

రైడర్_తణుకు:
ఇప్పుడే నొక్కి చూశాను అక్కా. చీలమండ దగ్గర ఎముక మీద నొప్పి లేదు. చిటికెన వేలి వైపు ఎముక మీద మాత్రం వేలు ఆనించలేకపోతున్నాను. మావయ్యకి చెప్పాను. పొద్దున్నే ఆయన బండి మీదే ఎక్స్‌రేకి వెళ్తున్నాం.