‘అతనిని ఎదుర్కొన రండి’: పెండ్లికుమారుణ్ణి ఎదుర్కోవడం ఏమిటి?

ప్రశ్న:
మత్తయి సువార్త 25వ అధ్యాయంలో పదిమంది కన్యకల ఉపమానం ఉంది కదా, పెండ్లికుమారుడి కోసం దివిటీలతో కాచుకున్నవారిలో బుద్ధిగల ఐదుగురు వెంట నూనె తెచ్చుకుంటే, మిగతా ఐదుగురు తెచ్చుకోలేదు. అందులో 6వ వచనం: ‘అర్ధరాత్రివేళ ఇదిగో పెండ్లికుమారుడు, అతనిని ఎదుర్కొన రండి అను కేక వినబడెను.’ క్రిస్మస్ ముందు వచ్చే ఆగమన కాలం మొదటి వారంలో, సాయంత్రం ప్రార్థనలో దీన్ని చదివే వంతు నాకు వచ్చింది. ‘ఎదుర్కొన’ దగ్గర నాలుక తడబడింది. ఈ ఏడాది ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. మా ఆయన జబ్బును ఎదుర్కొంటున్నాం, ఉద్యోగం పోతే ఎదుర్కొన్నాం, అప్పులిచ్చినవాళ్ళను ఎదుర్కోవాలి. అదే మాట పెళ్ళికొడుక్కు ఎలా కుదిరింది? అనువాదంలో పొరపాటా?

జవాబు:
పొరపాటు కాదమ్మా. ఆ మాటలో సగం అర్థాన్ని మనమే వాడకుండా వదిలేశాం. ఎదురు, కొను కలిసి ఎదురుకొను, అదే ఎదుర్కొను. వచ్చేవారికి ఎదురుగా వెళ్ళడం దాని అసలు పని. వచ్చేది చుట్టమైతే అది స్వాగతం, శత్రువైతే అది పోరు. ‘ఎదురుకోలు’ అనే నామవాచకాన్ని చూడండి, అందులో స్వాగతమే తప్ప పోట్లాట ఎవరికీ గుర్తుకు రాదు. క్రియ మాత్రం వార్తల్లో నలిగి నలిగి సమస్యలకూ సవాళ్ళకూ అంకితమైపోయింది. ఇక రూపం సంగతి: ‘ఎదుర్కొన’ అంటే ఎదుర్కొనడానికి, తుమున్నర్థకం. ‘చూడ వచ్చెను’ లాంటిదే. తర్వాత ‘రండి’ని విడిగా పలికితే తడబాటు ఉండదు. రెండూ కలిపి చదివితే ఎవరికైనా నాలుక మడతపడుతుంది, నాకు పడింది కూడా.

మరొకరు:
ఒక హెచ్చరిక. అనువాదంలో యాదృచ్ఛికంగా కుదిరిన శ్లేష మీద వేదాంతం కట్టకూడదు. ‘కష్టాన్నీ క్రీస్తునూ ఒకే క్రియతో ఎదుర్కొంటాం’ అని ఎవరో ప్రసంగం మొదలుపెట్టేలోగా ఈ మాట చెప్పేస్తున్నాను.

జవాబు:
హెచ్చరిక న్యాయమే. కానీ ఈ శ్లేష తెలుగువాళ్ళ సొత్తు మాత్రమే కాదండీ. ఆ వచనంలోని గ్రీకు నామవాచకం అపాంతేసిస్. దాని క్రియ అపాంతావో ప్రాచీన గ్రీకులో ఎదురేగి కలవడానికీ, యుద్ధంలో తలపడడానికీ రెంటికీ చెల్లింది. లూకా 14:31లో పదివేలమందితో ఉన్న రాజు ఇరవై వేలమందితో వచ్చేవాణ్ణి ‘ఎదిరింప’ గలడా అని ఆలోచిస్తాడు. గ్రీకులో అక్కడున్నదీ ఈ కుటుంబపు క్రియే. మన అనువాదకులు అక్కడ ‘ఎదిరింప’, ఇక్కడ ‘ఎదుర్కొన’ అని రెండు రూపాలు వాడినా ‘ఎదురు’ను వదల్లేదు. చెవి ఉన్నవాళ్ళు.

నాకు ఇంతకన్నా ఇష్టమైన చోటు అపొస్తలుల కార్యములు 28:15. అపొస్తలుడు పౌలు ఖైదీగా రోముకు నడుస్తున్నాడు. ఓడ బద్దలై, చలికాలమంతా ఒక ద్వీపంలో గడిపి వచ్చాడు, ముందున్నది చక్రవర్తి ఎదుట విచారణ. అక్కడి సహోదరులు అప్పీయా సంతపేట వరకూ, త్రిసత్రముల వరకూ వచ్చారు. సంతపేట రోముకు సుమారు 65 కిలోమీటర్లు. ఎందుకు వచ్చారయ్యా అంటే, ‘ఎదుర్కొనుటకు’. మూలంలోనూ అదే అపాంతేసిస్. వాళ్ళను చూసి పౌలు ‘ధైర్యము తెచ్చుకొనెను’ అని ఉంది. సంకెళ్ళు అలాగే ఉన్నాయి, దారిలో మనుషులు ఎదురొచ్చారు, అంతే.

అదే పౌలు ఫిలిప్పీయులకు బంధకాల్లోనుంచి రాసిన ఉత్తరంలో ‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి, మరల చెప్పుదును ఆనందించుడి’ (4:4) అన్నాడు. ఆగమన కాలపు మూడో ఆదివారానికి లాటిన్ పేరు ‘గౌదేతే’, ఆనందించుడి అనే. మిగతా వారాల ఊదా రంగు కొవ్వొత్తుల మధ్య ఆ ఒక్క ఆదివారం గులాబి రంగుది వెలిగించేది అందుకే.

మరొకరు:
నాకు ఆ ‘డి’ మీదే అభ్యంతరం. విధ్యర్థకంలో ఆనందమా? కూర్చోండి, లేవండి అన్నట్టు ఆనందించండి అంటే ఎలా? ఏడుస్తున్నవాళ్ళకు చెప్పే మాటేనా అది?

జవాబు:
చెప్పిన మనిషి ఎక్కడినుంచి చెప్పాడన్నది చూడాలి. ఒడ్డున కూర్చున్నవాడు చెబితే నేనూ ఒప్పుకోను. ఇంకొకటి, గ్రీకులో అదే క్రియ పలకరింపు కూడా. లూకా 1:28లో దూత మరియను పలకరించే ‘నీకు శుభము’కు మూలం దాని ఏకవచనమే. ఫిలిప్పీలో ‘ఎల్లప్పుడును’ ఉంది కాబట్టి అర్థం ఆనందించుడే. అయినా ఆ పలకరింపు వాసన వినేవాళ్ళకు తెలియకపోదు. ఆజ్ఞ అనే కన్నా, వాకిట్లోకి వచ్చి పిలిచినట్టు వినండి.

పాత నిబంధనలో ప్రవక్త హబక్కూకు గ్రంథం 3వ అధ్యాయం చివర ఇంకా స్పష్టం. ‘అంజూరపు చెట్లు పూయకుండినను’ అని మొదలై, ద్రాక్ష లేదు, ఒలీవ లేదు, పైరు లేదు, దొడ్డిలో గొఱ్ఱెలు లేవు, సాలలో పశువులు లేవు. లేనివన్నీ లెక్కపెట్టాకే ‘నేను యెహోవాయందు ఆనందించెదను’ వస్తుంది. ఒక్క లోటునూ దాచలేదు. ఆ వరుసంతా ‘నను’ల మీద నడిచింది, మన ‘అయినా’ కూడా అలాంటి ‘అయినను’ అరిగి వచ్చిందే. ‘కాబట్టి’ ఒక్కటి కూడా లేదు.

మరొకరు:
అందరూ దాటేసిన వచనం ఒకటుంది, మత్తయి 25:5. ‘పెండ్లికుమారుడు ఆలస్యము చేయగా వారందరు కునికి నిద్రించుచుండిరి.’ అందరూ, బుద్ధిగలవాళ్ళతో సహా. తేడా నూనెలో ఉంది కానీ నిద్రలో లేదు.

అడిగినవారు:
ఆసుపత్రి కుర్చీలో కునికిన రాత్రుల తర్వాత ఆ చివరి వ్యాఖ్య చదివి నవ్వొచ్చింది, చాలా రోజులకు. ఎదుర్కోవడం అంటే భుజాలు బిగించి నిలబడడమే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మూడో ఆదివారం మళ్ళీ నాకే వంతు ఇచ్చారు, ఫిలిప్పీ 4వ అధ్యాయం. ‘మరల చెప్పుదును’ తర్వాత కామా లేదు. అక్కడ కాస్త ఆగవచ్చా?

జవాబు:
ఆగండమ్మా. కామా లేకపోయినా ఊపిరి ఉంది అక్కడ.