‘టీవీలో వెయ్యి’: స్ట్రీమ్, కాస్ట్, మిర్రర్‌లకు మన మాటలు

అందరికీ నమస్కారం. ఇంట్లో కంప్యూటర్లో ఉన్న పాటలు, ఫొటోలు, వీడియోలు టీవీలో చూపించే ఒక ఉచిత ప్రోగ్రాంకు తెలుగు మెనూలు రాస్తున్నాను. మూడు మాటల దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను: స్ట్రీమ్ (దించుకోకుండా, వస్తుండగానే చూడడం), కాస్ట్ (చేతిలో ఫోన్‌తో చెప్పి టీవీలో ఆడించడం), మిర్రర్ (ఫోన్ తెరనే టీవీలో చూపడం). తెలుగు లిపిలో అలాగే రాసేస్తే చాలామందికి అర్థమవుతుంది, కాదనను. కానీ మా ఇంట్లో ఈ మెనూ ఎక్కువగా వాడేది అమ్మ. ఆవిడకు ఈ మూడింటికీ తేడా తెలియదు, ఆ ఇంగ్లీషు మాటలు తేడా చెప్పవు కూడా. చెప్పే మాట తెలుగులో ఉంటే బాగుండునని నా ఆశ.

స్ట్రీమ్‌కు ఇప్పటిదాకా దొరికినవి ప్రసారం, ధారాప్రసారం, ప్రవాహ ప్రసారం. మూడూ కాగితం మీద బాగానే ఉన్నాయి. పైకి చదివితే వార్తలు చదువుతున్నట్టుంది. మీరేమంటారు?

*

ఒక ఉపాధ్యాయుడి జవాబు:

ప్రసారం వద్దండీ. ప్రసారమంటే ఒకచోట మొదలై నలుదిక్కులా పరచుకునేది. వినేవాడు ఉన్నా లేకపోయినా అది సాగిపోతుంది. ఎనిమిదింటికి వార్తలంటే ఎనిమిదింటికే, ఆలస్యంగా వస్తే మొదటి ముక్క పోయినట్టే. ఇంట్లో కంప్యూటర్ అలా కాదు, అడిగినవాళ్ళకు అడిగినప్పుడు మొదటినుంచి ఇస్తుంది.

నా ఓటు ‘ధార’కు. ధారాళం, ఏకధార, ధారావాహిక అన్నీ తెగకుండా సాగేదాన్నే చెబుతాయి. అవధానికి ధార, ధారణ, ధోరణి కావాలంటాం. అందులో మొదటిది ఇదే, తడుముకోకుండా పద్యం రావడం. పాట మధ్యలో ఆగకుండా రావడానికి ఇంతకంటే దగ్గరి మాట ఏముంది?

*

అడిగిన నేనే:

మాస్టారూ, నామవాచకంగా ధార నాకూ నచ్చింది. చిక్కంతా క్రియ దగ్గరే. మెనూలో మీట మీద ఉండాల్సింది క్రియ కదా. ధారకు మనకున్న క్రియ ‘ధారపోయు’. జీవితమంతా ధారపోశాడంటే తిరిగి రాకుండా ఇచ్చేశాడని. ‘ఈ ఫొటోలు టీవీకి ధారపోయి’ అని ఉంటే ఫొటోలు కంప్యూటర్లోంచి పోతాయేమోనని అమ్మ ఆ మీట నొక్కదు. నిజానికి ఆవిడకున్న భయమే అది. మొదటిసారి పెళ్ళి ఫొటోలు టీవీలో చూపించినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న: “మరి కంప్యూటర్లో ఉన్నాయా, ఇటొచ్చేశాయా?”

*

నెట్‌వర్కుల పని చేసే ఒక సభ్యుడు:

అమ్మగారు అడిగింది చాలా మంచి ప్రశ్న. మాట ఎంచుకునేముందు లోపల జరిగేది ఒకసారి చూద్దాం.

ఇంటి టీవీల్లో చాలావాటిలో డీఎల్ఎన్ఏ అనే పద్ధతి ఉంటుంది. 2003లో మొదలైన ఒక కంపెనీల కూటమి పెట్టిన పద్ధతి అది. 2017లో కూటమిని మూసేశారు కానీ పద్ధతి మాత్రం టీవీల్లో మిగిలింది. అందులో పని మూడు ముక్కలు. సరుకు ఉంచేది సర్వర్, అంటే మీ కంప్యూటర్. తెర మీద చూపేది రెండరర్, అంటే టీవీ. ఫలానా పాట ఫలానా టీవీలో రావాలని చెప్పేది కంట్రోలర్, అది చేతిలో ఫోన్ కావచ్చు. నేను కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేటప్పుడు ‘ఉంచేది, చూపేది, చెప్పేది’ అంటాను. ఒక్కసారికే గుర్తుంటుంది.

వీడియో ఆ ‘చెప్పేది’ అయిన ఫోన్ చేతిమీదుగా పోదు. ఫోన్ టీవీకి ఒక చిరునామా మాత్రం ఇస్తుంది. టీవీయే కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, ఇంత ముక్క ఇవ్వు, ఆ తర్వాతి ముక్క ఇవ్వు అని అడిగి తెచ్చుకుంటుంది. అంటే ఇక్కడ పారించడం కంటే తోడుకోవడం ఎక్కువ. బావిలో నీళ్ళు తోడుకుంటే తగ్గుతాయి, ఇక్కడ తగ్గవు, అంతే తేడా. డౌన్‌లోడ్‌ను చాలామంది దించుకోవడం అంటున్నారు. దించుకుంటే మన దగ్గర ఒక ప్రతి మిగులుతుంది. తోడుకుంటూ చూస్తే మిగలదు. ఈ రెండు క్రియలు పక్కపక్కన పెడితే స్ట్రీమింగ్, డౌన్‌లోడ్ తేడా పాఠం చెప్పకుండానే తెలిసిపోతుంది.

*

ఒక సభ్యురాలు, అనువాదకురాలు:

తోడుకోవడం నాకు ఎంతో నచ్చింది, కానీ ఒక అడ్డు ఉంది. ఫొటో పారదు, తోడుకునేదీ కాదు. అది ఒక్కసారిగా మొత్తం వచ్చి తెర మీద నిలబడుతుంది. పాటకు, వీడియోకు ధార ఉంది. ఫొటోకు లేదు. ఇంగ్లీషులో మూడింటినీ స్ట్రీమ్ అంటున్నారంటే వాళ్ళ మాట అలా సాగింది. మనం ఆ పొరపాటును కూడా అనువదించక్కర్లేదు.

మూడింటికీ సరిపోయే క్రియ ఒకటి మనం రోజూ వాడుతున్నాం. పాట వెయ్యి. వీడియో వెయ్యి. ఫొటోలు వెయ్యి. ఏదైనా సరే, టీవీలో వెయ్యి.

*

అడిగిన నేనే:

ఇది చదివి లేచి నిలబడ్డాను. వారం రోజులు నిఘంటువులు తిరగేశాను, మాట ఇంట్లోనే తిరుగుతోంది. పొద్దున్నే అమ్మ నాతో అన్న మాట: “ఆ పిల్లల వీడియో టీవీలో వెయ్యరా ఒకసారి.”

పైగా కాస్ట్ అన్న ఇంగ్లీషు మాటకు మొదటి అర్థం విసరడం, వేయడమే. వల వేస్తాం, గాలం వేస్తాం, ఓటు వేస్తాం. ఈ మూడు చోట్లా వాళ్ళూ కాస్ట్ అనే అంటారు. ఎవరూ ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు, రెండు భాషలూ ఒకే చేతి కదలిక నుంచి ఒకే పనికి వచ్చాయి. బ్రాడ్‌కాస్ట్ కూడా మొదట వ్యవసాయపు మాటే, చేత్తో విత్తనాలు చల్లడం. దానికి మనకు ‘వెదజల్లు’ ఉంది. వెద అంటే విత్తడం. వెదజల్లితే ఎక్కడ పడుతుందో చల్లేవాడికి తెలియదు. వేస్తే తెలుస్తుంది, పలానా టీవీలో.

*

ఒక సభ్యుడి సందేహం:

‘బొమ్మ వెయ్యి’ అంటే గీయమని కదండీ? ‘టీవీ వెయ్యి’ అంటే స్విచ్ నొక్కమని. ఇన్ని అర్థాలున్న క్రియను మీట మీద పెడితే గందరగోళం కాదా? మా ఇంట్లో అసలు ‘పెట్టు’ అంటాం, పాట పెట్టు, సినిమా పెట్టు.

*

అనువాదకురాలు:

మీ ఉదాహరణలోనే జవాబుంది. ‘టీవీ వెయ్యి’ అంటే టీవీని వెలిగించడం. ‘టీవీలో వెయ్యి’ అంటే ఇంకోచోట ఉన్నదాన్ని అందులో చూపించడం. ఒక్క ‘లో’ అర్థాన్ని మార్చేసింది. ‘టీవీ మీద వెయ్యి’ అంటే దుప్పటి కప్పమన్నట్టు. ‘టీవీకి వెయ్యి’ ఎవరూ అనరు, ‘టీవీకి పంపు’ అంటారు. ఈ విభక్తులు మనం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, ఎవరికీ తప్పుపోవు కూడా. క్రియకు ఎన్ని అర్థాలున్నా పక్కన నిలబడే మాట దాన్ని దారిలో పెడుతుంది.

పెట్టు కూడా మంచిదే, దానితో నాకు పేచీ లేదు. కానీ వేయుకు ఒక జత ఉంది: పడు. తలుపు వేస్తాం, తలుపు పడుతుంది. ముడి వేస్తే ముడి పడుతుంది. తాళం వేస్తే తాళం పడుతుంది, ఓటు వేస్తే ఓటు పడుతుంది. బొమ్మ వేస్తే తెర మీద బొమ్మ పడుతుంది. ఒకటి మన చేతి పని, రెండోది అవతల జరిగేది. ‘పెట్టు’కు ఇంత చక్కటి జత లేదు. ఇది మెనూకు ఎంత ఉపయోగమో చూడండి. పంపడానికి ‘టీవీలో వెయ్యి’, పంపినది కుదరకపోతే ‘టీవీలో పడలేదు’. ‘స్ట్రీమింగ్ విఫలమైంది’ అన్నదానికంటే ఇది ఎంత తేలిక!

*

నెట్‌వర్కుల సభ్యుడు:

పడలేదన్న మాట మీద ఒక సంగతి చెప్పాలనిపించింది. పోయిన నెల మా ఇంట్లో కంప్యూటర్ పేరు టీవీలో కనిపించడం మానేసింది. ముందురోజు దాకా కనిపించింది. గంటసేపు కంప్యూటర్లో వెతికాను, తప్పు అక్కడ లేదు. ఎవరో టీవీని, అతిథులకోసం విడిగా పెట్టిన వైఫైకి కలిపారు. అందులో చేరినవి ఇంటర్నెట్‌కు పోగలవు కానీ ఇంట్లోవాటితో మాట్లాడలేవు.

ఇవి ఒకదాన్నొకటి ఎలా కనుక్కుంటాయంటే, అక్కడా వేయుడే. కొత్తగా వచ్చిన యంత్రం 239.255.255.250 అనే చిరునామాకు, 1900 నంబరు పోర్టులో (ఆ చిరునామాలో ఒక ద్వారం లాంటిది) “ఎవరున్నారు?” అని కేక వేస్తుంది. ఉన్నవి పలుకుతాయి. సర్వర్ కూడా మధ్యమధ్యలో “నేనున్నాను” అని చాటింపు వేస్తుంది. ఆ చాటింపు ఎంతసేపు చెల్లుతుందో కూడా అందులోనే చెబుతుంది, మామూలుగా 1800 సెకన్లు, అంటే అరగంట. పోయేటప్పుడు బైబై అని ఒక సందేశం పంపుతుంది. నేను ఊహించి చెబుతున్నది కాదు, ఆ సందేశం పేరే బైబై. కరెంటు పోయి చెప్పకుండా ఆగిపోతే పాపం టీవీకి తెలియదు. అరగంట దాకా ఆ పేరు జాబితాలో అలాగే ఉండొచ్చు, నొక్కితే పలకదు.

ఇలా కనుక్కోవడాన్ని చెప్పే డిస్కవరీ అన్న మాటకు మీరు ‘శోధన’ అని రాసి ఉంటే మార్చండి. దొరకనప్పుడు ‘కంప్యూటర్ పలకడం లేదు’ అనండి. అమ్మగారికి ఏం చేయాలో తెలిసిపోతుంది, వెళ్ళి అది వెలుగుతోందో లేదో చూస్తారు.

*

అడిగిన నేనే:

మార్చేశాను. ఇప్పుడు మిర్రర్. ‘ప్రతిబింబించు’ అని రాసుకున్నాను, నాకే నచ్చలేదు.

*

ఉపాధ్యాయుడు:

‘అద్దం పట్టు’ అనరాదూ. ఆ మాటలు ఆయన మనసుకు అద్దం పట్టాయి అంటాం. ఉన్నది ఉన్నట్టు అవతలివాళ్ళకు చూపడం. ఫోన్ తెరకు టీవీ అద్దం పడుతుంది. ధార విషయంలో నా పట్టుదల వదులుకుంటున్నాను, ఫొటో పారదన్న మాట నిజం.

*

నెట్‌వర్కుల సభ్యుడు:

మాస్టారి మాట సాంకేతికంగా కూడా అచ్చంగా సరిపోయింది. టీవీలో వేసినప్పుడు ఫోన్ చిరునామా చెప్పి తప్పుకుంటుంది. జేబులో పెట్టుకుని వేరే పని చేసుకోవచ్చు. అద్దం పట్టినప్పుడు అలా కాదు. ఫోన్ తన తెరను క్షణక్షణం వీడియోగా మార్చి పంపుతూనే ఉండాలి. తెర ఆరితే అక్కడా ఆరుతుంది. బ్యాటరీ త్వరగా దిగుతుంది. ఎవరిదైనా సందేశం వస్తే నలుగురి ముందూ టీవీలో పడుతుంది. ఈ చివరిది జరిగి ఇబ్బంది పడ్డవాళ్ళను నేను చూశాను. ‘మిర్రర్’ అని రాస్తే ఆ హెచ్చరిక అందులో వినిపించదు. ‘ఫోన్ తెరకు అద్దం పట్టు’ అంటే తెర మీద ఏముంటే అది కనిపిస్తుందని చదవగానే తడుతుంది.

బఫరింగ్ (తర్వాతి ముక్క రాక ఆగి ఎదురుచూడడం) గురించి ఎవరూ అడగలేదు కానీ దాన్ని జనం ఇప్పటికే ‘తిరుగుతోంది’ అంటున్నారు, తెర మధ్యలో చక్రాన్ని చూసి. అది అలాగే ఉండనివ్వండి. పాటకు అది ఎక్కువగా రాదు. సీడీ నాణ్యతలో ఉన్న పాటకు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు చెవులకు రెండు వరసలు. అన్నీ కలిపితే సెకనుకు దాదాపు 14 లక్షల బిట్లు. బ్లూరే వీడియో సెకనుకు 4 కోట్ల బిట్ల దాకా పోగలదు. అందుకే వైఫై బలహీనంగా ఉన్న గదిలో పాట హాయిగా సాగుతుంది, సినిమా తిరుగుతుంది.

*

అడిగిన నేనే:

ఇంకొక్కటి, భాషాభిమానం కొద్దీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. మెనూ అంతా తెలుగులో రాసి టీవీలో తెరిస్తే సగం చోట్ల డబ్బాలు కనిపించాయి. ఆ టీవీలో తెలుగు అక్షరాలే లేవు. ఇంకో టీవీలో అక్షరాలున్నాయి, ఒత్తులు కలపడం రాదు. ‘లక్ష్మి’ అని పెట్టిన ఫొటోల ఫోల్డర్ పేరు క, ష, మ విడివిడిగా, మధ్యలో పొల్లులతో నిలబడింది. యూనికోడ్‌లో (అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే పద్ధతి) మన అక్షరాలు 1991 నుంచి ఉన్నాయి. అయినా మా అమ్మ తన పేరు తన టీవీలో సరిగ్గా చదువుకోలేకపోవడం నాకు కష్టంగా అనిపించింది. ప్రస్తుతానికి బొమ్మల పేర్లు టీవీ రాయకుండా, కంప్యూటరే తెలుగు అక్షరాలను బొమ్మగా గీసి పంపేలా చేస్తున్నాను. అప్పుడు ఒత్తులన్నీ కుదురుగా వస్తున్నాయి.

చివరిగా ఒక చిక్కు. పాజ్‌కు, స్టాప్‌కు రెండింటికీ ‘ఆపు’ అనే వస్తోంది. ఒకటి కాసేపు నిలపడం, ఇంకోటి మొత్తానికి ముగించడం.

*

అనువాదకురాలు:

కాసేపటికైతే ‘ఆపు’. మొత్తానికైతే ‘ఆపెయ్’. ఆపివేయు. చేసెయ్, పంపెయ్, తినెయ్ అన్నప్పుడు పని పూర్తయిపోయిందని చెప్పే ఆ ‘వేయు’నే చివర చేర్చండి.

*

అడిగిన నేనే:

పెట్టాను. అమ్మ చేతికి ఫోన్ ఇచ్చి ఏమీ చెప్పకుండా కూర్చున్నాను. ‘టీవీలో వెయ్యి’ నొక్కింది, పాట పడింది. మధ్యలో ఎవరో తలుపు తడితే ‘ఆపు’ నొక్కి వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ అక్కడినుంచే విన్నది. అయ్యాక ‘ఆపెయ్’.